‘తోకచుక్క’ నవల: దాని కాలం, దాని పాఠకులు

1

పుస్తకాల విషయంలో ‘ప్రేమ’ అనే మాట వాడటానికి అభ్యుదయ విమర్శకులం కాస్త జంకుతాం. ఒక నవల జీవితాన్ని ఎంతవరకు సరిగా చూపించింది, ఏ వర్గానికి మేలు చేసింది, దాని వస్తువేమిటి, శిల్పమేమిటి అని అడుగుతాం. అడగవలసిందే. కాని పదేళ్ల పిల్లవాడు ఒక నవలని ప్రేమించటం మొదలు పెట్టేటప్పుడు ఈ ప్రశ్నలేవీ అడగడు. తర్వాత వాడు మార్క్సునీ గోర్కీనీ శ్రీశ్రీనీ చదవొచ్చు. కాని మొదటి నవల నేర్పిన చదివే పద్ధతి వాడి లోపల పని చేస్తూనే ఉంటుంది. ఎక్కడ ఊపిరి బిగబట్టాలో, ఎవరి పక్షాన నిలబడాలో, ఎవరిని అనుమానించాలో అదే నేర్పుతుంది. అంచేత ఆ ప్రేమని సొంత విషయమని పక్కన పెట్టటం కుదరదు. దానికీ ఒక చరిత్ర ఉంది. ఆ నవల ఎవరు రాశారు, ఎక్కడ అచ్చయింది, ఎవరి చేతుల మీదుగా పిల్లవాడి దగ్గరికి వచ్చింది, దాన్ని చదవలేకపోయిన పిల్లలెవరు? ఇవి సాహిత్య చరిత్ర అడగవలసిన ప్రశ్నలు.

నా విషయంలో ఆ నవల ‘తోకచుక్క’. 1954 జనవరి నుంచి అది ‘చందమామ’లో ధారావాహికగా వచ్చింది. నేను చదివింది దాదాపు పదేళ్ల తర్వాత. మా ఇంట్లో పెద్దవాళ్లెవరో నెలనెలా ఆ పేజీలు విడదీసి, దారంతో కుట్టించి, కాలికో అట్ట వేయించి ఉంచారు. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో ఇలాంటి బౌండ్లుండేవి. నవల పుస్తకంగా రాకపోతే పాఠకులే దాన్ని పుస్తకం చేసుకున్నారన్నమాట. ఆ బౌండు మీద కథ పేరు చేత్తో రాసి ఉంది. రచయిత పేరు లేదు. ఉండే అవకాశమూ లేదు. పత్రికలోనే ఆ పేరు వెయ్యలేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మంత్రాల మారి కథ అని మనం విమర్శలో లెక్కలోకి తీసుకోని ఈ నవల, పిల్లల్ని వాస్తవం నుంచి దూరంగా తీసుకుపోలేదు. ఆకాశం మీద ఉన్న భయాన్ని మనుషుల మీదికి మళ్లించింది. ఆ పని ఎలా జరిగిందో, దాని హద్దులేమిటో, ఆ పని చేసిన రచయితకి మన సాహిత్య చరిత్ర ఏం బాకీ ఉందో చూద్దాం.

2

‘చందమామ’ మొదటి సంచిక 1947 జులైలో వచ్చింది. స్థాపకులు బి. నాగిరెడ్డి, చక్రపాణి. అదే కాలంలో వాళ్లు మద్రాసులో సినిమా నిర్మాణంలోకి దిగారు. చక్రపాణి తెనాలి మనిషి. శరత్ నవలల్ని బెంగాలీ నుంచి తెలుగు చేసి పేరు తెచ్చుకున్నవాడు. 1952లో పత్రిక పని చేపట్టిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. మన అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ 1943లో జరిగిందీ ఆ ఊళ్లోనే. ఇందులో కాకతాళీయం కొంత ఉండవచ్చు గాని అంతా కాకతాళీయం కాదు. కృష్ణా కాలవల కింద రైతుల చేతిలో కాస్త మిగులు, దాని వెంట బళ్ళూ గ్రంథాలయాలూ అచ్చుయంత్రాలూ నాటకాలూ, వాటి వెంట చదువుకున్న మధ్యతరగతి యువకులు. అభ్యుదయ సాహిత్యానికీ, జనప్రియ సినిమాకీ, పిల్లల పత్రికకీ కార్యకర్తల్ని ఇచ్చింది ఒకే సామాజిక నేల.

కుటుంబరావు 1952 నుంచి 1980 ఆగస్టులో చనిపోయే దాకా ‘చందమామ’ని నడిపించాడు. ‘చదువు’ నవల రాసినవాడు, మధ్యతరగతి బూటకాన్ని దాక్షిణ్యం లేకుండా విప్పి చూపినవాడు, 1970లో విరసం ఏర్పడ్డాక అందులో బాధ్యత తీసుకున్నవాడు, పగలంతా బేతాళ కథలు దిద్దుతూ కూర్చునేవాడు. సంపాదకుడిగా ఆయన పేరు పత్రిక మీద ఉండేది కాదు. ఆయన చేరిన సంవత్సరమే గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల యువకుడొకడు అదే కార్యాలయంలో చేరాడు. పేరు దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో పుట్టాడు. ఆయన్ని ఎరిగినవాళ్లంతా ఆయనవి వామపక్ష భావాలని రాశారు. ఇరవై రెండేళ్లు నిండకముందే ‘తోకచుక్క’ మొదలు పెట్టాడు. ఆ తర్వాత ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’. ఆఖరుగా 1978లో మొదలైన ‘భల్లూక మాంత్రికుడు’. మొత్తం పన్నెండు నవలలు. పాతికేళ్ల పాటు తెలుగు పిల్లలు ఒకే నవలాకారుణ్ణి, అతని పేరు తెలియకుండా చదివారు.

ఈ నవలల బొమ్మలు గీసిన ‘చిత్ర’ అసలు పేరు రాఘవన్. ఆయన తమిళుడు. మాంత్రికుడి జటలూ, గుడ్లగూబ కళ్లూ, సముద్రం మీద వంగిన తెరచాపలూ మనలో చాలామంది ఊహలో ఆయన గీసినట్టే ఉండిపోయాయి. ‘చందమామ’ అప్పటికే తమిళం, కన్నడం, హిందీ లాంటి భాషల్లో వస్తోంది. తెలుగులో రాసిన కథ ఆ భాషల పిల్లలకీ అందేది. అంచేత సమరసేనుణ్ణి తెలుగువాళ్లం మనకొక్కళ్లకే సొంతమని చెప్పుకోలేం. తెలుగు గద్యంలో పుట్టి దేశంలో ఇన్ని భాషల పిల్లలకి చేరిన నవలలు ఎన్ని ఉన్నాయో విమర్శకులు ఒకసారి లెక్క వేసుకోవచ్చు.

3

కథ సంగతి. కుండలినీ ద్వీపానికి రాజు చిత్రసేనుడు. అతని సేనాని సమరసేనుడు. ఓడల మీద సముద్రంలోకి వెళ్లిన సమరసేనుడూ అతని సైనికులూ ఆకాశంలో తోకచుక్కని చూస్తారు. తర్వాత ఊరూ పేరూ తెలియని మాంత్రికుల ద్వీపంలో చిక్కుకుంటారు. అక్కడ ఏకాక్షి, చతుర్నేత్రుడు అని ఇద్దరు మాంత్రికులు. ఇద్దరికీ బద్ధవైరం. ధనరాశులున్న ఓడ ఒకటుంది. అంతులేని శక్తి గల శాక్తేయుడి త్రిశూలం ఒకటుంది. దానికోసం ఒకడిమీద ఒకడు పన్నాగాలు పన్నుతుంటే, మామూలు మనిషి సమరసేనుడు ఇద్దరి మధ్యా పడి తన సైనికుల్ని బతికించుకుంటూ దారి వెతుక్కోవాలి.

దీని వంశవృక్షం గీయటం కష్టం కాదు. గుణాఢ్యుడి పేరు మీద చెప్పుకునే బృహత్కథ, సోమదేవుడి ‘కథాసరిత్సాగరం’, మన దగ్గర మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’, 1951లో అదే విజయావారు తీసిన ‘పాతాళభైరవి’. మాంత్రికుడు ఆ దారిలోనే నడిచి వచ్చాడు. కాని ‘తోకచుక్క’ చదువుతుంటే ఇంకో గాలి కూడా తగులుతుంది. తెలియని ద్వీపం, మునిగిన నిధి, తిరుగుబాటు చేసే ప్రకృతి, ప్రతి భాగం చివరా ప్రాణసంకటం, ఇవి కాశీమజిలీ గోపకుడు వినే కథల్లోవి కావు. స్టీవెన్సన్ ‘ట్రెజర్ ఐలండ్’ 1883లోది. హాగార్డ్ ‘కింగ్ సోలమన్స్ మైన్స్’ 1885లోది. ఆ సాహస నవలల నిర్మాణం ఇందులో కనిపిస్తుంది. ఒంటికంటి మాంత్రికుణ్ణి చూస్తే గ్రీకుల ఒంటికంటి రాక్షసుడు గుర్తుకు వస్తాడు. ‘చందమామ’ తర్వాత ఆ ‘ఒడిస్సీ’నే ‘రూపధరుడి యాత్రలు’గా పిల్లలకిచ్చింది.

తేడా ఒకటుంది. హాగార్డ్ కథలో తెల్లవాడు నల్లవాళ్ల నేలకి వెళ్లి నిధి తీసుకుపోవటం ఘనకార్యం. సామ్రాజ్యవాదం ఆ నవలకి వెన్నెముక. ‘తోకచుక్క’లో నిధి చుట్టూ తిరిగేవాళ్లే దుర్మార్గులు. పిల్లవాడు కోరుకునేది నిధి దొరకాలని కాదు, సమరసేనుడు బతికి బయటపడాలని. స్వతంత్రం వచ్చి ఏడేళ్లు కూడా నిండని దేశంలో, ఇరవై రెండేళ్ల యువకుడు వలస సాహిత్యం నుంచి పడవా ద్వీపమూ తీసుకుని, దాని దాహాన్ని మాత్రం మాంత్రికులకి అంటగట్టాడు. ఇది ప్రణాళిక వేసుకుని చేశాడని నేననను. చేతిలో అలా వచ్చింది. అలా రావటానికి అతను నిలబడ్డ కాలమే కారణం.

4

తోకచుక్క సంగతి విడిగా చెప్పుకోవాలి. తెలుగు సాహిత్యంలో అది అంతకు ముందే ఒకసారి ఉదయించింది. 1910లో హేలీ తోకచుక్క కనిపించినప్పుడు జనం అరిష్టమని హడలిపోయారు. ఆ ఏడే గురజాడ ‘ముత్యాలసరాలు’ రాశాడు. అరిష్టమన్న మాటని కొట్టి పారేసి, ఆ తోకచుక్కని సంఘసంస్కరణకి పతాకగా చూపించాడు. దాన్ని బెదురు లేకుండా చూడగలిగిన మనిషిని మన ఆధునిక కవిత్వం అక్కడ నిలబెట్టింది. నిజానికి ఆకాశంలో లెక్క చాలా ముందే తేలింది. అది మళ్లీ 1758లో వస్తుందని హేలీ చెప్పాడు. ఆయన చనిపోయాక, చెప్పిన ఏడాది చివరలోనే అది కనిపించింది. 1986లో కూడా లెక్క ప్రకారమే వచ్చి వెళ్లింది.

గురజాడ తర్వాత నలభై నాలుగేళ్లకి పిల్లల నవలలో తోకచుక్క మళ్లీ భయంగానే మొదలయింది. ఇది వెనకడుగా? పైకి అలాగే కనిపిస్తుంది. కాని నవల ఎలా నడిచిందో చూడండి. తోకచుక్క తన వంతుగా ఎవరినీ చంపదు. సముద్రంలో, అడవిలో, గుహలో ఎదురయ్యే ప్రతి ప్రమాదం వెనకా ఎవరో ఒకరి ఆశ ఉంటుంది. ఆ ఆశకి పేరూ ముఖమూ ఉంటాయి. పిల్లవాడు మొదట ఆకాశం కేసి చూస్తూ కథలోకి అడుగు పెడతాడు. నాలుగైదు భాగాలు గడిచేసరికి చూపు కిందికి దిగుతుంది. ఏకాక్షి ఇప్పుడెక్కడ ఉన్నాడు? చతుర్నేత్రుడు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటాడా? త్రిశూలం ఎవరి చేతికి చిక్కుతుంది? గురజాడ వాదనతో చేసిన పనిని దాసరి కథ నడకతో చేశాడు. మూఢనమ్మకాన్ని ఖండించే వాక్యం ఒక్కటి రాయకుండా, అది పనికిమాలిన భయమని తెలిసేలా చేశాడు.

మంత్రం సంగతీ అంతే. ఈ నవలలో మంత్రం దేవుడి దయ కాదు, అది పనిముట్టు. ఎవడి చేతిలో ఉంటే వాడి మాట వింటుంది. దాచుకోవచ్చు, దొంగిలించవచ్చు, పోగొట్టుకోవచ్చు. దాని వాడుక తెలియాలి. మంత్రం పారనప్పుడు మాంత్రికుడు కూడా మనలాగే పరిగెత్తుతాడు. శక్తి పుట్టుకతో రాదనీ, సాధనం ఎవరి వశంలో ఉంటే వాళ్లదనీ ఒక పిల్లవాడికి ఇంతకంటే తేలిగ్గా ఎలా చెప్పటం?

5

చదవలేని పాఠకుల గురించి ఇప్పుడు చెప్పాలి. మా ఇంట్లో పాలేరు కుర్రాడొకడు ఉండేవాడు. నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. వాడికి అక్షరాలు రావు. మధ్యాహ్నం పూట గేదెలు చెరువులో దిగి ఉండగా గట్టు మీద నేను ‘తోకచుక్క’ పైకి చదివేవాణ్ణి. వాడు వినేవాడు. నన్ను ‘అబ్బాయిగారూ’ అనేవాడు, నేను వాణ్ణి ‘ఒరే’ అనేవాణ్ణి. అప్పటి వరస అది.

చతుర్నేత్రుడికి గుడ్లగూబతో పాటు నరవానరం ఒకటి ఉంది. చెప్పిన పని చేస్తుంది, పొమ్మన్న చోటికి పోతుంది. దాని బలం చూసి నేను మురిసిపోతుంటే వాడు అడిగాడు: “ఆ నరవానరానికి జీతం ఏమన్నా ఉందాండీ, లేక తిండొక్కటేనా?” కథలో అది లేదన్నాను. “మరి రాజుగారేరండీ? ఈయన్ని సముద్రం మీదికి తోలి ఆయన ఇంటికాడే కూకున్నాడా?” అన్నాడు.

తర్వాత చాలా ఏళ్లకి రష్యన్ పండితుడు ప్రోప్ జానపద కథ మీద రాసింది చదివాను. కథల్లో పాత్రలు చేసే పనుల్ని ఆయన 1928లో 31గా లెక్క కట్టాడు. పంపేవాడు ఒకడు, బయలుదేరేవాడు ఒకడు, సాయపడేవాడు ఒకడు. చాలా పనికివచ్చే లెక్క అది. కాని పంపేవాడు ఎందుకు పంపగలుగుతున్నాడు, సాయపడేవాడికి దక్కేదేమిటి అనే ప్రశ్నలు ఆ పట్టికలో లేవు. అవి చెరువు గట్టు మీద వచ్చాయి. ఏడాదికి ఇన్ని బస్తాల వడ్లకి ఒప్పుకుని పని చేస్తున్నవాడు కథని ఆ వైపు నుంచే వింటాడు.

మా బౌండులో ఒక నెల భాగం లేదు. ఆ సంచిక ఎవరో పట్టుకెళ్లి తిరిగి ఇవ్వలేదు. అక్కడ కథ తెగిపోయి, పై నెల సంగతితో మళ్లీ మొదలయ్యేది. మధ్యలో ఏం జరిగి ఉంటుందో మేమే కల్పించుకున్నాం. నేను కల్పించినదాంట్లో కత్తియుద్ధం ఉంది. వాడు కల్పించినదాంట్లో, మాంత్రికులిద్దరూ కొట్టుకుంటూ ఉండగా నరవానరం చీకట్లో లేచి తన దారిన తాను వెళ్లిపోయింది. వెనక్కి పిలిస్తే పలకలేదు. ఈ మధ్య పుస్తకంలో ఆ భాగం చూశాను. అసలు కథ నడక వేరు. కాని ఆ నవల నాకిచ్చిన వాటిలో ఆ తప్పిపోయిన భాగానికే విలువ ఎక్కువ. అద్భుత కథ వినేవాణ్ణి ఊరికే కూర్చోనివ్వదు. తన బతుకు తీసుకువచ్చి అందులో పెట్టేలా చేస్తుంది.

6

పిల్లలకి అద్భుత కథలు చెప్పవచ్చా అనే వాదం మనకి కొత్త కాదు, మనకొక్కళ్లకే పరిమితమూ కాదు. విప్లవం తర్వాత సోవియట్ రష్యాలో ఇది పెద్ద పేచీ అయింది. కొర్నేయ్ చుకోవ్‌స్కీ రాసిన ‘మొసలి’ అనే పిల్లల కావ్యాన్ని క్రూప్‌స్కయా 1928లో ‘ప్రావ్దా’లో తీవ్రంగా విమర్శించింది. మాట్లాడే జంతువులూ వింత సంఘటనలూ కొత్త సమాజపు పిల్లలకి తప్పుడు జ్ఞానం ఇస్తాయని చాలామంది విద్యావేత్తల అభిప్రాయం. గోర్కీ అదే పత్రికలో చుకోవ్‌స్కీ పక్షాన నిలబడ్డాడు. చుకోవ్‌స్కీ తన ‘రెండు నుంచి అయిదు’ పుస్తకంలో ఒక తల్లి సంగతి రాశాడు. ఆవిడ తన కొడుక్కి అద్భుత కథ ఒక్కటి కూడా చేరకుండా కట్టుదిట్టం చేసింది. ఆ పిల్లవాడు తన గదిలో ఒక ఎర్ర ఏనుగు కాపరం ఉంటోందని తనంతట తానే కల్పించుకున్నాడు. కథ ఆపినంత మాత్రాన కల్పన ఆగదు.

1934లో సోవియట్ రచయితల మొదటి మహాసభలో గోర్కీ ఇంకో మెట్టు పైకి వెళ్లాడు. ఎగిరే తివాచీ, అడుగుకి ఆమడ దాటే చెప్పులు వంటివి సోమరుల కలలు కావనీ, ఒళ్లు హూనమయ్యేలా పని చేసినవాళ్లు తమ శ్రమ తేలిక కావాలని కన్న కలలనీ వివరించాడు. ఈ మాట మన విమర్శలోకి రావలసినంతగా రాలేదు. జానపద గేయాన్ని మనం అక్కున చేర్చుకున్నాం. నాజర్ బుర్రకథని నెత్తిన పెట్టుకున్నాం. కాని అదే జానపద ఊహ నుంచి పుట్టి అచ్చులోకి వచ్చిన పిల్లల నవలని సాహిత్యంగా లెక్కించలేదు.

ఇందుకు విరుగుడుగా ఇంకో తప్పుదారి పట్టకూడదు. 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవిలో హైడ్రోజన్ బాంబు పరీక్ష చేసింది. ‘తోకచుక్క’ అప్పటికి మొదలై మూడో నెల. మరుసటి ఏడు బాండుంగ్ సభ. రెండు మహాశక్తులు ఒక భయంకరమైన ఆయుధం కోసం పోట్లాడుకుంటుంటే మధ్యలో నలిగే మూడోవాడి కథ ఇది అని చెప్పటం చాలా తేలిక. ఏకాక్షి ఫలానా దేశం, చతుర్నేత్రుడు ఫలానా దేశం అని తేల్చెయ్యవచ్చు కూడా. అలా తేలిస్తే నవల పొడుపుకథగా మిగిలిపోతుంది, విప్పాక దానితో పని ఉండదు. పైగా రచయిత మనసులో అది ఉందనటానికి ఏ ఆధారమూ లేదు. ఆ కాలపు గాలిలో ఉన్న భయం పిల్లల కథలోకి కూడా ఊపిరిగా వెళుతుంది అనటం వరకే సబబు.

7

ఇక హద్దులు. ప్రేమించిన పుస్తకం కదా అని వీటిని దాచటం దానికి గౌరవం కాదు.

మొదటిది రాజు. ఈ నవలల్లో చెడ్డ రాజు పోవచ్చు గాని రాజరికం పోదు. ప్రజలు గుంపుగా కనిపిస్తారు, జేజేలు కొడతారు. తమ సంగతి తామే తేల్చుకోరు. భూస్వామ్య కథా చట్రాన్ని రచయిత లోపలి నుంచి చాలా వంచాడు గాని విరవలేదు.

రెండోది ఆడవాళ్లు. ‘తోకచుక్క’ సాహసమంతా మగవాళ్లది. బౌండు పట్టుకుని కూర్చున్న ఆడపిల్లకి అందులో తానుగా అడుగు పెట్టే చోటు లేదు. సమరసేనుడి కళ్లతోనే చూడాలి.

మూడోది శరీరాల సంగతి. ఒంటికన్ను, వికృత రూపం, నల్లని మేను దుర్మార్గానికి గుర్తులుగా రావటం ప్రపంచంలో ప్రతి అద్భుత కథకీ ఉన్న జబ్బు. ఇది దానికి మినహాయింపు కాదు. అడవి మనుషుల్ని క్రూరులుగా చూపటం కూడా ఇలాంటిదే.

కాని రచయిత అక్కడే ఆగిపోలేదని గమనించాలి. 1968లో మొదలైన ‘శిథిలాలయం’లో ఇద్దరు నాయకులుంటారు. విక్రమకేసరి రాచబిడ్డ. శిఖిముఖి అడవి గూడెం నుంచి వచ్చినవాడు. వాడు నౌకరుగా రాడు, విలువిద్యలోనూ తెలివిలోనూ సమానంగా, స్నేహితుడిగా వస్తాడు. ఆ సంవత్సరాలు ఎలాంటివి? 1967 అక్టోబరు 31న లేవిడిలో గిరిజన సభకి వెళుతున్న కోరన్న, మంగన్నలని భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. ఆ తర్వాత శ్రీకాకుళం కొండల్లో సవరలూ జాతాపులూ ఆయుధం పట్టారు. 1970లో విరసం పుట్టుకకి ఆ పోరాటమే ప్రేరణ. పిల్లల పత్రికలో గూడెం కుర్రవాడు నాయకుడు కావటానికీ దీనికీ నేరుగా ముడి వెయ్యను. ఆధారం లేకుండా ముడి వెయ్యటం చరిత్ర కాదు. కాని ‘ఆటవికుడు’ అన్న మాటకి కథలో అర్థం మారుతున్న కాలమూ, చరిత్రలో మారుతున్న కాలమూ ఒకటే అని నమోదు చెయ్యటం విమర్శకుడి బాధ్యత.

నాలుగోది భాష. బళ్లో వాచకాలు గ్రాంథికాన్ని ఇంకా వదలని రోజుల్లో ‘చందమామ’ చిన్న వాక్యంతో, మాట్లాడే క్రియలతో, అనవసరపు విశేషణం లేకుండా కథ చెప్పింది. కుటుంబరావు కలం కింద నుంచి వెళ్లిన గద్యం అది. తెలుగులో వచనం రాసేవాళ్లలో రెండు మూడు తరాలు వాక్యం అక్కడే నేర్చుకున్నాయి. కాని అది కోస్తా జిల్లాల చదువుకున్న ఇళ్ల భాష. తెలంగాణలో, రాయలసీమలో, కళింగాంధ్రలో చదివిన పిల్లవాడికి సమరసేనుడు వాళ్లింటి మాట మాట్లాడలేదు. ఒక భాష అందరికీ అందటంలోనూ, అందరి మీదా పడటంలోనూ ఉన్న తేడాని ఈ పత్రిక చరిత్రతో చక్కగా వివరించవచ్చు. ఎవరూ పూనుకోలేదు.

8

దాసరి సుబ్రహ్మణ్యం అర్ధశతాబ్దం పైగా ‘చందమామ’లోనే పని చేసి, 2010 జనవరిలో విజయవాడలో చనిపోయాడు. ‘చందమామ’ కూడా ఆ తర్వాత కొద్ది కాలానికే ఆగిపోయింది. ఆయన నవలలు ఇప్పుడు ఆయన పేరుతో పుస్తకాలుగా దొరుకుతున్నాయి. ఆ పేరు అట్ట మీదికి ఎక్కించటం వెనక విమర్శకుల కృషి కంటే మామూలు పాఠకుల పట్టుదల ఎక్కువ. చిన్నప్పుడు చదివిన కథ ఎవరు రాశారో తెలుసుకోవాలని వాళ్లు వెతికారు, పాత సంచికలు పోగు చేశారు, ఉన్నవాళ్లని అడిగారు. ఒకప్పుడు బౌండు కుట్టించిన చేతులే ఈ పనీ చేశాయి.

పేరు లేకపోవటాన్ని వినయమని మెచ్చుకోవటం నాకు ఇష్టం లేదు. పత్రికా కార్యాలయంలో నెలజీతానికి రాసినవాడి నవల సంస్థ సరుకు అవుతుంది. ఎన్నో భాషల్లోకి వెళ్లినా, ఎన్నిసార్లు అచ్చయినా, చేసినవాడి గుర్తు దాని మీద ఉండదు. చేనేత కార్మికుడి పేరు బట్ట మీద ఉండదు. తాపీపనివాడి పేరు గోడ మీద ఉండదు. శ్రమ చేసినవాణ్ణీ అతను చేసిన వస్తువునూ విడదీసే పద్ధతి గురించి మనం చాలా వ్యాసాలు రాశాం. అది మన కళ్లెదుట మన నవలాకారుడికే జరుగుతుంటే సాహిత్య చరిత్రలు రాసినవాళ్లం పట్టించుకోలేదు. పిల్లల కథ కదా అనుకున్నాం. పన్నెండు నవలలు రాసి, లక్షల మందికి చదవటం అలవాటు చేసినవాడికి మన నవలా చరిత్రల్లో పేజీ కాదు కదా పేరా కూడా దొరకటం కష్టం.

చెయ్యవలసిన పని చాలా ఉంది. పన్నెండు నవలల్నీ వరసగా చదివి, 1954 నుంచి 1980 దాకా వాటిలో రాజు, మాంత్రికుడు, అడవి, నిధి అనే నాలుగు విషయాలు ఎలా మారాయో ఎవరైనా రాయాలి. మూల తెలుగునీ ఇతర భాషల ‘చందమామ’ల పాఠాల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. పత్రిక కొనగలిగిన ఇంట్లోనే కాక, కొనలేని ఇళ్లలో అది ఎలా వినపడిందో, ఇంకా బతికి ఉన్నవాళ్ల నోటి నుంచి సేకరించాలి. సాహిత్య విద్యార్థులకి పరిశోధనాంశాలు దొరకటం లేదనే ఫిర్యాదు తరచు వింటుంటాను. ఇది ఒక్కటే పదిమందికి సరిపోతుంది. చదివినవాళ్ల వయసు చూస్తే, ఆలస్యం చెయ్యటానికి వ్యవధి కూడా లేదు.